ఎంవీపీ కాలనీ మేడగదిలో ప్రోటీన్ మడతలు: ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, చివరి వారం

ఇంట్లో వాడకం తగ్గిన డెస్క్‌టాప్‌కు ఒక పాత గ్రాఫిక్స్ కార్డు బిగించి, ప్రోటీన్లు, అంటే అమినో ఆమ్లాల గొలుసులు, తమ ఆకారంలోకి మడుచుకునే తీరును జనం ఇళ్లలోని కంప్యూటర్లతో లెక్కించే ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే స్వచ్ఛంద కంప్యూటింగ్ పథకానికి అప్పగించడం ఈ ప్రాజెక్టులో మొదటి భాగం. అదే కార్డు మీద ఒక చిన్న ప్రోటీన్‌ను నేనే సిమ్యులేట్ చేసి, నా యంత్రం ఎక్కడో ఉన్న పరిశోధకుల కోసం అసలు ఏం లెక్కిస్తోందో తెలుసుకోవడం రెండో భాగం. రెండోది చేయకుండా మొదటిదానితో ఆగిపోతే మనకు కనబడేది కరెంటు బిల్లు, తెర మీద పెరిగే పాయింట్లు మాత్రమే.

కార్డు డాబాగార్డెన్స్‌లో దొరికింది. జీటీఎక్స్ 1660 సూపర్. 1408 కోర్లు, 6 జీబీ మెమరీ, గరిష్ఠంగా 125 వాట్లు. విశాఖలో పాత కార్డు కొనేవారు ఫ్యాన్లు తిరుగుతున్నాయా లేదా అన్నదాని కంటే ముందు బ్రాకెట్ మీది మరలను, హీట్‌సింక్ రేకుల అంచులను చూడాలని నా అభిప్రాయం. ఉప్పుగాలి తిన్న కార్డుకు మరల తలలు గోధుమరంగుకు తిరిగి, రేకుల అంచుల్లో తెల్లటి పొడి పేరుకుంటుంది. దుకాణదారు మొదట తీసిచ్చిన కార్డుకు రెండు లక్షణాలూ ఉన్నాయి. "ఇది బీచ్ రోడ్డు ఫ్లాట్‌లోంచి వచ్చిందా అండీ?" అని అడిగితే నవ్వి, లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు. తీసుకున్నది ఆ రెండోదే.

మే, మొదటి వారం

మా చెల్లెలి కూతురు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతోంది. నేను లైనక్స్ ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని, "మావయ్యా, ప్రోటీన్‌ను ఎవరూ మడవరు. అదే మడుచుకుంటుంది. ముందు ఆ సంగతి నమ్మితేగానీ మిగతాది నీకు అర్థం కాదు" అంది. నమ్మకానికి ఆధారం అడిగితే క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ ప్రయోగం చెప్పింది. ఇక్కడ రాసి పెట్టుకోదగిన ప్రయోగం అది.

రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైములో 124 అమినో ఆమ్లాలు ఒక గొలుసుగా ఉంటాయి. అందులోని 8 సిస్టీన్‌లు జతలు జతలుగా కలిసి 4 గంధక బంధాలు ఏర్పరుస్తాయి. ఆన్‌ఫిన్సెన్ గాఢమైన యూరియా ద్రావణంలో, ఆ బంధాలను తెంచే రసాయనంతో కలిపి, ఎంజైమును పూర్తిగా విప్పేశాడు. పనిచేయని ఒట్టి గొలుసు మిగిలింది. తరువాత ఆ రెండు రసాయనాలనూ తొలగించి గాలి తగలనిస్తే, ఎవరి సహాయమూ లేకుండా గొలుసు మళ్లీ పాత ఆకారానికి వచ్చి ఎంజైముగా పనిచేసింది. 8 సిస్టీన్‌లు జతకట్టడానికి 105 విధాలున్నాయి. అది ఎన్నుకున్నది సరైన ఆ ఒక్కదాన్నే. యూరియాను ఉంచేసి బంధాలను కట్టుకోనిస్తే మాత్రం జతలు తారుమారై, ఎంజైము శక్తి దాదాపు ఒక శాతానికి పడిపోయింది. ఆకారానికి కావలసిన సమాచారమంతా అమినో ఆమ్లాల వరుసలోనే ఉందన్న ఈ నిర్ధారణకు ఆయనకు 1972లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

గొలుసును మడిచే బలాల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది నీటి పాత్ర. కొన్ని అమినో ఆమ్లాల పక్కగొలుసులు నూనె జాతివి, వాటికి నీరంటే పడదు. అవి నీటికి ఎదురుగా నిలబడినంతసేపూ చుట్టూ ఉన్న నీటి అణువులు తమ స్వేచ్ఛను కొంత కోల్పోయి ఒక క్రమంలో నిలవవలసి వస్తుంది. అవి లోపలికి ముడుచుకుంటే ఆ నీటి అణువులకు విడుదల దొరుకుతుంది. అంటే ప్రోటీన్ మడత పడటానికి కారణం ప్రోటీన్‌లో ఎంత ఉందో దాదాపు అంత నీటిలోనూ ఉంది. అందుకే సిమ్యులేషన్‌లో వందల పరమాణువుల ప్రోటీన్ కోసం వేల నీటి అణువులను మోయాలి. ఆపైన హైడ్రోజన్ బంధాలు, ధన రుణ ఆవేశాల ఆకర్షణ ఆకారాన్ని ఖాయం చేస్తాయి. ఇన్ని బలాలు కలిసినా మడతపడిన స్థితికి, విప్పుకున్న స్థితికి మధ్య తేడా సాధారణంగా మోల్‌కు 5 నుంచి 15 కిలోక్యాలరీలే. కాస్త వేడి పెరిగినా, ఒక్క అమినో ఆమ్లం మారినా కొన్ని ప్రోటీన్లు తలకిందులు కావడానికి ఇంత చిన్న తేడాయే కారణం.

అయితే దారి ఎలా దొరుకుతుంది? 1969లో సైరస్ లెవింథాల్ వేసిన లెక్క ప్రసిద్ధమైనది. 100 అమినో ఆమ్లాల గొలుసులో ఒక్కోదానికి మూడేసి స్థితులు ఉన్నాయనుకున్నా, మొత్తం ఆకారాల సంఖ్యకు 48 అంకెలు వస్తాయి. సెకనుకు లక్ష కోట్ల చొప్పున వెతికినా విశ్వం వయసు చాలదు. నిజమైన ప్రోటీన్లు మాత్రం మైక్రోసెకన్ల నుంచి నిమిషాల లోపల పని ముగిస్తాయి. కాబట్టి అవి గుడ్డిగా వెతకడం లేదు. దగ్గరి అమినో ఆమ్లాల మధ్య చిన్న చిన్న అమరికలు ముందుగా ఏర్పడి, శక్తి తగ్గే దిశలో ఒక్కో అడుగూ మిగిలిన అడుగులను సులభం చేస్తోంది. ఆ అడుగులు ఏ వరుసలో పడుతున్నాయో కంటితో చూపే పరికరం లేదు. లెక్కించి చూడటమే ఒక మార్గం.

మే, మూడో వారం

ఫోల్డింగ్ ఎట్ హోమ్ క్లయింటును, అంటే మన కంప్యూటర్‌లో నడిచే దాని ప్రోగ్రామును, స్థాపించడంలో చెప్పుకోదగిన కష్టం లేదు. ఎన్విడియా డ్రైవరు, ఓపెన్‌సీఎల్ లైబ్రరీ ఉంటే కార్డును అదే గుర్తిస్తుంది. ఆల్జీమర్స్, క్యాన్సర్, పార్కిన్సన్స్ వంటి వాటిలో ఏ పనికి ప్రాధాన్యం ఇవ్వాలో మనం చెప్పవచ్చు. నేను అన్నిటికీ సిద్ధమని పెట్టాను.

ఈ పథకాన్ని 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే ప్రారంభించారు. ఇప్పుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని గ్రెగ్ బోమన్ నాయకత్వం వహిస్తున్నారు. 2020 మార్చిలో కోవిడ్ పని మొదలుపెట్టినప్పుడు సుమారు 30 వేల యంత్రాల నుంచి పది లక్షలకు పైగా యంత్రాలకు పెరిగి, ప్రపంచంలో ఎక్సాఫ్లాప్ స్థాయిని, అంటే సెకనుకు కోటి కోట్ల కోట్లలో వెయ్యో వంతు లెక్కలను, తొలిసారి అందుకున్న కంప్యూటింగ్ వ్యవస్థ అయింది. అవన్నీ మన ఇళ్లలో ఉండే రకం కంప్యూటర్లే.

మొదటి వర్క్ యూనిట్, అంటే సర్వర్ పంపే పని ముక్క, దిగగానే లాగ్‌లో ఒక వరుస కనబడింది: ప్రాజెక్టు సంఖ్య, ఆపైన రన్, క్లోన్, జెన్ అని మూడు అంకెలు. చాలామంది ఈ వరుసను దాటి కింద శాతం ఎంతైందో చూస్తారు. పథకం కిటుకంతా ఆ మూడు అంకెల్లోనే ఉంది. రన్ అంటే ప్రోటీన్‌ను ఏ ప్రారంభ అమరిక నుంచి మొదలుపెట్టారో ఆ సంఖ్య. క్లోన్ అంటే అదే అమరికకు పరమాణువుల తొలి వేగాలను వేరుగా ఇచ్చి పంపిన ప్రతి. జెన్ అంటే ఆ ప్రతి కాలంలో ఎన్నో ముక్క అన్నది. నాకు వచ్చినది సున్నా కాదు, పదుల్లో ఉంది. అంటే అంతకు ముందు ముక్కలన్నీ ముక్కూ మొహం తెలియని వాళ్ల యంత్రాల్లో పూర్తయి, వాటి చివరి స్థితి నాకు మొదటి స్థితిగా వచ్చింది. నేను పూర్తి చేసి పంపితే తప్ప తరువాతి జెన్ పుట్టదు.

జూన్, వాన కోసం చూస్తున్న రోజులు

రెండో భాగం మొదలైంది. ఎంచుకున్న ప్రోటీన్ పేరు ట్రిప్‌కేజ్. 20 అమినో ఆమ్లాలే ఉన్న ఈ బుల్లి ప్రోటీన్‌ను గిలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలంలోని ఎక్సెండిన్ అనే పెప్టైడ్ ఆధారంగా వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రూపొందించి, 2002లో ప్రకటించారు. ఆరో స్థానంలోని ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం చుట్టూ చివరి ప్రోలీన్‌లు గోడ కట్టి దాన్ని బంధిస్తాయి. ఇది దాదాపు 4 మైక్రోసెకన్లలో మడుచుకుంటుంది, 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర సగానికి సగం విప్పుకుంటుంది. బెజవాడ మే నెలలో దీన్ని బయట పెట్టకూడదన్నమాట.

పని గ్రోమాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. గొలుసును బాగా సాగదీసిన స్థితిలో పెట్టి, పెట్టెలో నీళ్లు నింపి, ఆవేశం సరితూగేలా అయాన్లు కలిపి, శక్తిని కనిష్ఠానికి తెచ్చి, 300 కెల్విన్ దగ్గర వదిలాను. ప్రతి అడుగులోనూ కంప్యూటర్ చేసేది న్యూటన్ సూత్రమే: ప్రతి పరమాణువు మీదా బలం లెక్కించడం, దాన్ని కొద్దిగా కదపడం, మళ్లీ బలం లెక్కించడం. ఆ కొద్ది కాలం 2 ఫెమ్టోసెకన్లు; సెకనులో పది లక్షో వంతు మైక్రోసెకను, అందులో వంద కోట్లో వంతు ఫెమ్టోసెకను. హైడ్రోజన్ పరమాణువులను గొలుసుకు పట్టి ఉంచే బంధాల కంపన కాలం 10 ఫెమ్టోసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది; వాటి పొడవును బిగించి ఉంచినా, అడుగు ఇంతకంటే బాగా పెంచితే లెక్క పేలిపోతుంది. కాబట్టి ఒక మైక్రోసెకను చూడాలంటే 50 కోట్ల అడుగులు. ఒక మిల్లీసెకను కావాలంటే 50 వేల కోట్లు. ప్రతి అడుగుకూ ముందటి అడుగు ఫలితం కావాలి గనుక వాటిని పదిమందికి పంచిపెట్టడం కుదరదు.

జూన్, చివర

నా కార్డు రోజుకు కొన్ని వందల నానోసెకన్ల (నానోసెకను మైక్రోసెకనులో వెయ్యో వంతు) చొప్పున లాక్కొచ్చి ఒక మైక్రోసెకను పూర్తి చేసింది. ట్రిప్‌కేజ్ మడుచుకోలేదు.

కానీ జరిగినది చూడముచ్చటగా ఉంది. గొలుసు మొదటి కొన్ని నానోసెకన్లలోనే కుదించుకుపోయి ఉండలా అయింది. రెండో అమినో ఆమ్లం నుంచి ఎనిమిదో దాని దాకా ఉండవలసిన ఆల్ఫా హెలిక్స్, అంటే స్ప్రింగు లాంటి చుట్ట, ఒక మలుపు ఏర్పడటం, చెదిరిపోవడం, మళ్లీ రెండు మలుపులుగా నిలబడటం కనబడింది. దీన్ని చూడటానికి నేను వాడినది రామచంద్రన్ పటం. జీ.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ 1963లో మద్రాసులో ఇచ్చిన ఈ పటంలో ప్రతి అమినో ఆమ్లం దగ్గరా గొలుసు మెలితిరిగే ఫై, సై అనే రెండు కోణాలను అడ్డంగానూ నిలువుగానూ వేస్తారు. పరమాణువులు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి కాబట్టి పటంలో చాలా భాగం ఖాళీగానే ఉండాలి. నా పటంలో నాలుగో స్థానంలోని ఐసోలూసిన్‌ను విడిగా తీసి చూస్తే, చుక్కలు మొదట పటం ఎడమ పైభాగంలో, అంటే సాగిన గొలుసుల చోట, చెల్లాచెదురుగా ఉండి, క్రమంగా ఫై మైనస్ 60, సై మైనస్ 45 దగ్గరికి గుంపుగా దిగాయి. అది హెలిక్స్ చిరునామా. మధ్యలో కొన్ని చుక్కలు తిరిగి పైకి ఎగబాకాయి; హెలిక్స్ చెదిరిన క్షణాలవి. మేనకోడలు మాత్రం తెర మీద ట్రిప్టోఫాన్‌ను వెతికి, "ఇది ఇంకా వీధిలోనే ఉంది మావయ్యా" అంది.

ఇది పరాజయమేమీ కాదు. సగటున 4 మైక్రోసెకన్లు పట్టే సంఘటన కోసం ఒక మైక్రోసెకను నిరీక్షిస్తే, అది జరగకపోవడానికే దాదాపు 78 శాతం అవకాశం ఉంది.

జూలై, ఒక ఆదివారం

ఈ లెక్క నుంచే అసలు విషయం తేలింది. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మడత పడటంలో ఎక్కువ కాలం నిరీక్షణకే పోతుంది. మడతకు ముందున్న శక్తి అడ్డుగోడను దాటే ఆ దాటు చాలా వేగంగా ముగుస్తుంది. దాటే అదృష్టం వచ్చేదాకా గొలుసు ఇవతలే కొట్టుమిట్టాడుతుంది. ఇవతల ఎంతసేపు గడిపిందన్నది గొలుసుకు గుర్తుండదు. ఫిషింగ్ హార్బర్‌లో అరుదైన కచిడి చేప పడే తీరు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఒకే పడవ ఏళ్ల తరబడి తిరిగితే ఎప్పుడో ఒకటి దొరుకుతుంది, కానీ వందల పడవలు ఒక్క రాత్రి వెళ్లి వస్తే ఎవరో ఒకరి వలలో పడే అవకాశం గట్టిగా ఉంటుంది. మొత్తం వల వేసిన సమయం ముఖ్యం, దాన్ని ఎన్ని పడవలు పంచుకున్నాయన్నది కాదు. అలాగే ట్రిప్‌కేజ్‌ను 1000 యంత్రాలు ఒక్కొక్కటి 40 నానోసెకన్లు మాత్రమే నడిపితే, ఒక్కోదానిలో మడత పడే అవకాశం ఒక శాతమే అయినా, దాదాపు 10 యంత్రాల్లో మడత కనబడాలి. కాలాన్ని ముక్కలు చేయలేమన్న అడ్డంకిని పాండే బృందం తప్పించుకున్న మార్గం ఇదే. 2002లోనే 23 అమినో ఆమ్లాల చిన్న ప్రోటీన్ మీద ఇలా లెక్కించిన మడత వేగాన్ని ప్రయోగశాల కొలతతో పోల్చి, రెండూ సరిపోతున్నాయని చూపించారు.

దీనికి ఒక హద్దు ఉంది. పెద్ద ప్రోటీన్లలో అడ్డుగోడ ఒకటి కాదు, మధ్య మజిలీలు అనేకం. ఏ ఒక్క పొట్టి ముక్కలోనూ మొదటి నుంచి చివరి దాకా ప్రయాణం కనబడదు. అందుకే తరువాతి కాలంలో మార్కోవ్ స్టేట్ మోడల్ పద్ధతి వచ్చింది. దొరికిన ఆకారాలన్నిటినీ పోలికలను బట్టి వేల స్థితులుగా గుంపులు కట్టి, ఒక గుంపు నుంచి ఇంకొక గుంపుకు ఎన్నిసార్లు దూకిందో లెక్కబెట్టి, ఆ దూకుళ్ల పట్టిక నుంచి మొత్తం ప్రయాణాన్ని పునర్నిర్మిస్తారు. 2010లో ఎన్‌టీఎల్9 అనే 39 అమినో ఆమ్లాల ప్రోటీన్‌ను, అది మడుచుకోవడానికి సుమారు 1.5 మిల్లీసెకన్లు పట్టినా, ఈ పద్ధతితోనే వివరించగలిగారు. పట్టికలో ఎక్కడ సంఖ్యలు పలచగా ఉన్నాయో చూసి అక్కడి నుంచే కొత్త యూనిట్లు పంపడం ఇంకా తెలివైన పని. మనకు వచ్చే రన్ సంఖ్యల వెనక చాలాసార్లు ఇలాంటి ఎంపిక ఉంటుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి రోసెట్టా ఎట్ హోమ్‌తో తేడా ఇక్కడే. 2005 నుంచి నడుస్తున్న ఆ పథకం ప్రధానంగా చివరి ఆకారాన్ని, కొత్త ప్రోటీన్ల రూపకల్పనను వెతుకుతుంది. అక్కడ ఒక ముక్కకు ఇంకొక ముక్కతో కాలబంధం ఉండదు. ఆ పథకం వెనక ఉన్న డేవిడ్ బేకర్‌కు 2024లో వచ్చిన నోబెల్ ప్రోటీన్ల రూపకల్పనకే. ఆ బహుమతిలో మిగతా సగం అమినో ఆమ్లాల వరుస నుంచి ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది. ఆల్ఫాఫోల్డ్ 20 కోట్లకు పైగా ఆకారాలు ఊహించి ఇచ్చాక ఇంకా ఈ కరెంటు ఖర్చు దేనికని మా ఆఫీసులో ఒకరు అడిగారు. సరైన ప్రశ్నే. ఆల్ఫాఫోల్డ్ ఇచ్చేది గమ్యం ఫొటో. ప్రోటీన్ ఆ గమ్యంలోనూ స్థిరంగా కూర్చోదు. క్షణకాలం తెరుచుకుని మూసుకునే గుంతలు దానిలో ఉంటాయి, మందు అణువు పట్టు దొరికేది కొన్నిసార్లు ఆ గుంతల్లోనే. కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్ తెరుచుకునే తీరును, ఇతర వైరస్ ప్రోటీన్లలో దాగిన గుంతలను ఫోల్డింగ్ ఎట్ హోమ్ బృందం మొత్తం 0.1 సెకను సిమ్యులేషన్‌తో చూపింది. పదో వంతు సెకను అంటే తక్కువగా వినిపిస్తుంది గానీ, పై అడుగుల లెక్కతో గుణిస్తే ఆ శ్రమ తెలుస్తుంది.

ఆగస్టు

ఇక ఇంటి పనులు. కార్డును పూర్తి భారంతో నడిపితే అది ఒక్కటే నెలకు 90 యూనిట్ల కరెంటు వాడుతుంది, శ్లాబు మారిపోతుంది. ఎన్విడియా ఎస్‌ఎమ్‌ఐ ఆదేశంతో గరిష్ఠ పరిమితిని 90 వాట్లకు దించాను. విద్యుత్తు నాలుగో వంతుకు పైగా తగ్గింది, వేగం పదో వంతు దాకా మాత్రమే తగ్గింది. ఈ పరిమితి యంత్రం ఆపి వేస్తే పోతుంది కాబట్టి బూట్ అయ్యేటప్పుడే అమలయ్యేలా ఒక సర్వీసు రాసి పెట్టాను. మేడగదిలో పడమటి కిటికీ దగ్గరి నుంచి క్యాబినెట్‌ను లోపలి గోడకు మార్చాను. చేరిన ప్రతి వాటూ చివరికి వేడే అవుతుంది గనుక, ఏసీ వేసుకుని ఫోల్డింగ్ నడపడం రెండుసార్లు డబ్బు కట్టడం అవుతుంది. పగటి ఉక్కలో ఆపి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న దాకా నడపడం కుదిరింది.

అయితే రాత్రిపూట మాత్రమే నడిపినప్పుడు గడువు సంగతి చూసుకోవాలి. ప్రతి యూనిట్‌కూ రెండు గడువులుంటాయి. మొదటిది దాటితే సర్వర్ అదే ముక్కను ఇంకొకరికి పంపుతుంది. రెండోది దాటితే మన పనికి విలువ ఉండదు. త్వరగా పంపినవారికి అదనపు పాయింట్లు ఇవ్వడం వెనక కూడా ఆ గొలుసు ఆగిపోకూడదన్న ఉద్దేశమే ఉంది. నా కార్డుకు వచ్చే యూనిట్లు ఒక రాత్రిలో ముగిసేవే ఎక్కువ. అందువల్ల ఇబ్బంది లేదు. పాత ల్యాప్‌టాప్ ప్రాసెసరును కూడా కలుపుదామనుకుని విరమించుకున్నాను. అది ఒక్కో యూనిట్‌ను రోజుల తరబడి పట్టుకుని కూర్చుంటే, వెనక ఆ జెన్ కోసం చూసే యంత్రాలకు నష్టమే.

ఉరుముల సాయంత్రాల్లో కరెంటు పోతే ఆఖరి చెక్‌పాయింట్ నుంచి క్లయింటు తిరిగి మొదలుపెడుతోంది. డ్రైవ్‌కు దెబ్బ తగలకుండా సురక్షితంగా ఆపడానికి చిన్న యూపీఎస్ ఒకటి సరిపోతోంది. గంటల బ్యాకప్ ఇచ్చే ఇన్వర్టరు మీద కార్డును నడపడం నా దృష్టిలో దండగ.

సెప్టెంబరు, చివరి వారం

మరల మీద తుప్పు ఛాయలు ఇంకా లేవు. క్యాబినెట్‌లో సిలికా జెల్ సంచులు పెట్టాను గానీ, ఫ్యాన్లు గాలిని తోడుతున్నంతకాలం అవి పెద్దగా పనిచేయవు. యంత్రం వెచ్చగా ఉన్న రాత్రుల్లో తేమ నిలవడం లేదు. ఆపి ఉంచిన పగళ్లలో దుమ్ము గుడ్డ కప్పుతున్నాను.

ట్రిప్‌కేజ్‌ను పొట్టి ముక్కలుగా, వేరు వేరు తొలి వేగాలతో మళ్లీ నడుపుతున్నాను. ఆ ఫైళ్లన్నీ మేనకోడలి దగ్గరే ఉన్నాయి; గుంపులు కట్టే పని తన సెమినార్ కోసం తనే చేస్తానంది. రాబోయే రెండు నెలలు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సగంలో ఆగిన యూనిట్ గడువు దాటేదాకా ఇక్కడే చిక్కుకుని ఉంటుంది. క్లయింటులో ఫినిష్ అనే మీట ఉంది; నొక్కితే చేతిలో ఉన్న యూనిట్‌ను పూర్తి చేసి పంపి, కొత్తది తీసుకోకుండా ఆగుతుంది. వాతావరణ కేంద్రం మొదటి హెచ్చరిక తుఫాను తీరం చేరడానికి రోజుల ముందే వస్తుంది, నా యూనిట్‌కు ఒక రాత్రి చాలు. కాబట్టి బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినగానే ఆ మీట నొక్కి, కార్డు తీసి స్టీలు డబ్బాలో పెట్టాలని క్యాబినెట్ మీద చీటీ అంటించాను.